బంతి, బల్బు ప్రయోగంలో సగం చంద్రుడు 90 డిగ్రీలకు ముందే ఎందుకు వచ్చేస్తున్నాడు? (ఇంకొన్ని చంద్రకళల సందేహాలు)

పాఠాలపెట్టె (ప్రశ్న)

ఎనిమిదో తరగతి పిల్లలకు చంద్రకళలు చేసి చూపించాలి. అమరిక అందరూ చెప్పేదే: చీకటి గది, సూర్యుడి బదులు ఒక బల్బు, చూసేవాళ్ల తలే భూమి, చాచిన చేతిలో పుల్లకు గుచ్చిన తెల్ల టేబుల్ టెన్నిస్ బంతి. బంతి కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో, బల్బు తలకు 2 మీటర్ల దూరంలో. ఇక్కడ తేడా కొడుతున్నవి ఇవీ.

ఒకటి. బల్బుకీ బంతికీ మధ్య కోణం 90 డిగ్రీలు ఉన్నప్పుడు సగం బంతి వెలగాలి కదా. అది 70, 75 డిగ్రీల మధ్యే వచ్చేస్తోంది. 90కి చేరేసరికి సగం కంటే ఎక్కువే వెలుగుతోంది.

రెండు. పున్నమి స్థానంలో తల నీడ బంతి మీద పడి మొత్తం నల్లబడిపోతోంది. బంతిని కాస్త పైకెత్తమంటారు. ఎంత ఎత్తాలి?

మూడు. అసలు ఆకాశం సంగతి. సాయంత్రం నాలుగింటికి తూర్పున సగానికి మించిన చంద్రుడు, పడమట సూర్యుడు, రెండూ దాదాపు ఒకే ఎత్తులో. వెలుగు వైపు అడ్డంగా సూర్యుడి దిక్కుకు ఉండాల్సింది పోయి పైకి, ఖాళీ ఆకాశంలోకి చూస్తున్నట్టు ఉంటుంది. ప్రయోగంలో మాత్రం బంతి చక్కగా బల్బు వైపే చూస్తోంది.

నాలుగు. 98 శాతం అని రాసి ఉన్న రోజు పున్నమేనా? రోజుకు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడంటారు, ఆ లెక్క ఒక్కరోజు కూడా కచ్చితంగా కుదరదేం?

వీటన్నిటి మీద, "భూమి నీడ పడే చంద్రుడు తరుగుతాడు" అన్న మాటను పిల్లలు ఎంత చెప్పినా వదలరు. దాన్ని ఒక్క దెబ్బకు పడగొట్టే ఉదాహరణ ఏదైనా ఉంటే చెప్పండి.


కక్ష్య

మీ మొదటి తేడా తప్పు కాదండీ, జ్యామితి సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. బంతి సగం వెలిగినట్టు కనపడాలంటే లంబకోణం ఉండాల్సింది మీ కంటి దగ్గర కాదు, బంతి దగ్గర. కన్ను, బంతి, బల్బు కలిపి త్రిభుజం గీయండి. బంతి దగ్గర 90 ఉంటే కంటి దగ్గర కోణం దానికంటే తక్కువే అవుతుంది. ఎంత తక్కువ అన్నది ఒక్క నిష్పత్తి తేలుస్తుంది: ఆ కోణం కొసైన్ విలువ = బంతి దూరం ÷ బల్బు దూరం. మీకు 0.6 ÷ 2 = 0.3, అంటే 72.5 డిగ్రీలు. మీరు చూసింది అదే.

బల్బు 1 మీటరు దూరంలో ఉంటే సగం చంద్రుడు 53 డిగ్రీలకే వస్తాడు. 3 మీటర్లకు 78.5, 6 మీటర్లకు 84. గది చిన్నదైతే బల్బును దూరం జరపడం కంటే మోచేయి వంచి బంతిని 30 సెంటీమీటర్లకు తెచ్చుకోవడం తేలిక. 3 మీటర్ల బల్బుతో అది కూడా 84 డిగ్రీలే.

నిజం ఆకాశంలో చంద్రుడి సగటు దూరం 3,84,400 కి.మీ., సూర్యుడిది 14.96 కోట్ల కి.మీ. నిష్పత్తి 389. కోణం 89.85 డిగ్రీలు. 90కి తేడా డిగ్రీలో ఆరో వంతు కూడా లేదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో గ్రీకు ఖగోళవేత్త అరిస్టార్కస్ సూర్యుడి దూరం తేల్చడానికి పట్టుకున్న దారి ఇదే. ఆయన 87 డిగ్రీలు తీసుకున్నాడు, సూర్యుడు చంద్రుడి కంటే సుమారు 19 రెట్లు దూరం అని వచ్చింది. తర్కంలో లోపం లేదు, కొలత దగ్గరే చిక్కంతా. చంద్రుడి మీద వెలుగు చీకట్ల సరిహద్దు కొండలతో, గుంతలతో రంపం పళ్లలా ఉంటుంది. కచ్చితంగా ఏ క్షణాన గీత తిన్నగా అయిందో కంటితో చెప్పడం అయ్యే పని కాదు. 0.15 డిగ్రీలంటే చంద్రుడి నడకలో 18 నిమిషాలే మరి.

కాబట్టి ఆ తేడాను దాచకండి. పిల్లల చేత బల్బును 1 మీటరు, 2 మీటర్లు, 4 మీటర్ల దగ్గర పెట్టించి మూడు కోణాలూ కొలిపించండి. బల్బు దూరమయ్యేకొద్దీ కోణం 90 వైపు పాకుతుంది. "మరి ఆకాశంలో దాదాపు 90 ఉందంటే సూర్యుడు ఎక్కడ ఉన్నట్టు?" అని అడగడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు.

సామాను గురించి రెండు ముక్కలు. టేబుల్ టెన్నిస్ బంతి గోడ పలచన, వెలుగు దానిలోంచి అవతలికి దిగుతుంది. అందుకే చీకటి సగం కూడా మసగ్గా మెరుస్తూ సరిహద్దు చెరిగిపోతుంది. ముందు నల్ల రంగు ఒక పూత వేసి, ఆరాక దాని మీద మెరుపు లేని తెల్ల రంగు వేయండి. లేదా 6, 7 సెంటీమీటర్ల థర్మోకోల్ బంతి తీసుకోండి. మెరిసే ప్లాస్టిక్ బంతి వద్దు, కళ బదులు బల్బు ప్రతిబింబం చుక్కలా కనపడుతుంది. బల్బుకు షేడ్ ఉండకూడదు, కంటి ఎత్తులో ఉండాలి. టార్చి పనికిరాదు: దాని వెలుగు ఒక్క దిక్కుకే పోతుంది, బంతి చుట్టూ తిరిగేసరికి ఆ పరిధి దాటిపోతుంది. గోడలు తెల్లవైతే వెనక నుంచి వచ్చే వెలుగు నెలవంకను మింగేస్తుంది. బంతికి అవతలి గోడ మీద ముదురు రంగు గుడ్డ కట్టండి.


దుర్భిణి

తల నీడ సంగతికి వస్తాను.

మామూలుగా చెప్పే జవాబు "చంద్రుడి కక్ష్య 5 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి బంతిని 5 డిగ్రీలు ఎత్తండి" అని. చేసి చూస్తే కుదరదు. 60 సెం.మీ. దూరంలో 5 డిగ్రీలంటే 5 సెంటీమీటర్లు. కంటి గీత నుంచి నడినెత్తికి ఉండేదే దాదాపు 12 సెం.మీ. బల్బు 2 మీటర్ల దూరంలో ఉంటే ఆ నీడ బంతి దగ్గరకు వచ్చేసరికి 15, 16 సెంటీమీటర్లకు పెరుగుతుంది. బంతి మొత్తం బయటపడాలంటే దాని నడిబొడ్డు కంటి గీతకు 18 సెం.మీ. పైన ఉండాలి, అంటే సుమారు 18 డిగ్రీల వంపు. అంతే ఎత్తండి, కానీ అది అతిశయోక్తి అని పిల్లలకు చెప్పి మరీ ఎత్తండి. లేకపోతే "పున్నమి రోజు చంద్రుడు భూమి నీడను అంచుల్లో తప్పించుకుంటాడు" అన్న తప్పుడు బొమ్మ మనసులో పడిపోతుంది.

అసలు కొలత ఎలా ఉంటుందో చూడండి. చంద్రుడు (3,474 కి.మీ.) మీ 40 మి.మీ. బంతి అనుకుందాం. భూమి 14.7 సెంటీమీటర్ల బంతి. రెండిటి మధ్య దూరం 4.4 మీటర్లు. సూర్యుడు 16 మీటర్ల గోళం, 1.7 కిలోమీటర్ల అవతల. ఈ లెక్కలో 5.14 డిగ్రీల వాలు అంటే బంతి దాదాపు 40 సెంటీమీటర్లు పైకీ కిందికీ ఊగుతుంది. ఆ దూరంలో భూమి చిక్కటి నీడ వెడల్పెంత? పదిన్నర సెంటీమీటర్లు. 40 సెం.మీ. ఊగే బంతి, మధ్యలో పదిన్నర సెంటీమీటర్ల నీడ. నెలనెలా గ్రహణం ఎందుకు పట్టదో ఇక వేరే చెప్పక్కర్లేదు. పున్నమి సరిగ్గా బంతి మధ్య గీతను దాటే చోట, అంటే ఖగోళశాస్త్రంలో 'పాతాలు' అనే బిందువుల దగ్గర పడితేనే గ్రహణం. అలాంటి అవకాశం సుమారు 173 రోజులకు ఒకసారి వస్తుంది.

4.4 మీటర్ల దారం, రెండు బంతులు, ఒక స్కేలు. ఖర్చులేని ఈ అమరిక బల్బు ప్రయోగం కంటే కూడా ముందు చూపించాల్సిందని నా అభిప్రాయం. పుస్తకాల్లో భూమినీ చంద్రుణ్ణీ పక్కపక్కన ఇరికించి గీసిన బొమ్మలే నీడ భ్రమకు సగం కారణం.

ఇక ఆ భ్రమను పడగొట్టే దెబ్బ. నీడ ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కునే పడుతుంది. సూర్యుడూ సగం చంద్రుడూ ఒకేసారి ఆకాశంలో కనపడే మధ్యాహ్నాలు ప్రతి నెలా వస్తాయి. అప్పుడు వాళ్ల మధ్య 90 డిగ్రీలు. భూమి నీడ ఉన్నది 180 దగ్గర, మీ కాళ్ల కింద. అది పక్కకు వంగి చంద్రుణ్ణి ఎలా అందుకుంటుంది?

మొండిగా ఉంటే రెండో దెబ్బ. ఒక రూపాయి బిళ్ల మీద ఇంకో గుండ్రటి అట్టముక్క పెట్టి జరపమనండి. నెలవంకలాంటిది వస్తుంది, కొరికిన బిళ్లా వస్తుంది. సగానికి మించి ఉబ్బిన చంద్రుడు, అంటే దశమి, ఏకాదశి చంద్రుడు మాత్రం చచ్చినా రాదు. ఆ ఆకారంలో సరిహద్దు చీకటి వైపు ఉబ్బి ఉంటుంది. గుండ్రటి నీడ ఎప్పుడూ వెలుగులోకి కొరుకుతుందే తప్ప వెలుగును బయటికి ఉబ్బించలేదు.


కోణమాని

మూడు, నాలుగు ప్రశ్నలకు.

చంద్రుడి వెలుగు వైపు సూర్యుడి దిక్కుకే ఉంటుంది, ఎప్పుడూ. తప్పంతా మన "తిన్నగా" అన్న మాటలో ఉంది. ఆకాశం మనకు గోళంలా కనపడుతుంది, గోళం మీద రెండు బిందువుల మధ్య దగ్గరి దారి మహావృత్తం. సూర్యుడూ చంద్రుడూ ఇద్దరూ 25 డిగ్రీల ఎత్తులో, మధ్య కోణం 120 డిగ్రీలు అనుకోండి. వాళ్లను కలిపే గీత క్షితిజానికి సమాంతరంగా పోదు. చంద్రుడి దగ్గర బయల్దేరి అడ్డానికి 54 డిగ్రీలు పైకి ఎక్కి, నడిమధ్యన 58 డిగ్రీల ఎత్తుకు చేరి, మళ్లీ సూర్యుడి దగ్గరకు దిగుతుంది. చంద్రుడు సరిగ్గా ఆ 54 డిగ్రీల దిక్కుకే చూస్తున్నాడు. మన కన్ను మాత్రం రెండిటినీ ఒకే చూపులో పెట్టలేక, తల తిప్పేటప్పుడు క్షితిజాన్ని ఆసరా చేసుకుని "అడ్డంగా" అనేసుకుంటుంది.

పరీక్ష: ఒక మీటరు దారం రెండు చేతులతో బిగువుగా పట్టుకోండి, ముఖానికి దగ్గరగా. ఒక కొస చంద్రుడి మీద, రెండో కొస సూర్యుడి పక్కకు చేర్చండి. దారం చంద్రుడి వెలుగు వైపు మధ్యలోంచి, కొమ్ములను కలిపే గీతకు లంబంగా బయటికి వస్తుంది. దారం వదులైతే ఫలితం చెడుతుంది. సూర్యుణ్ణి నేరుగా చూడకండి, గోడ అంచు చాటున ఉండగా కొస ఆ అంచు దాకా చేర్చితే చాలు.

శాతం గురించి. వెలిగిన భాగం = (1 − కొసైన్ కోణం) ÷ 2. ఇక్కడ కోణం అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఆకాశంలో ఉన్నది. విలువలు గుర్తుండేలా: 45 డిగ్రీలకు 15 శాతం, 60కి 25, 90కి 50, 120కి 75, 135కి 85. అమావాస్య, పున్నమి దగ్గర ఈ అంకె నత్తనడక నడుస్తుంది, అష్టమి దగ్గర రోజుకు పదిన్నర శాతం చొప్పున పరిగెడుతుంది. అందుకే 98 శాతం పున్నమి కాదు. పున్నమికి 16 డిగ్రీల ఇవతలో అవతలో, అంటే రోజుకు పైగా తేడా. 95 శాతమైతే రెండు రోజులు. మామూలు కంటికి 98 నిండుగానే కనపడుతుంది కానీ చిన్న దుర్భిణిలో ఒక అంచున గుంతల నీడలు తేలతాయి, రెండో అంచు నున్నగా ఉంటుంది. ఆ నీడలున్న వైపే ఇంకా నిండలేదన్నమాట, లేదా తరగడం మొదలైందన్నమాట.

తిథి తెలిసినవాళ్లకు ఇంకా సులువు. తిథి అంటే ఈ కోణంలో 12 డిగ్రీల ముక్క. 30 తిథులు, 360 డిగ్రీలు. సప్తమి 84 దగ్గర ముగుస్తుంది, అష్టమి 96 దగ్గర. కాబట్టి సగం చంద్రుడు అష్టమి నడిమధ్యలో వస్తాడు. తిథి నిడివి మారుతూ ఉండడానికి కారణం చంద్రుడి వేగం: భూమికి దగ్గరగా ఉన్నప్పుడు సూర్యుడితో పోలిస్తే రోజుకు 14 డిగ్రీలకు పైగా జరుగుతాడు, దూరంగా ఉన్నప్పుడు 11కి కూడా కాస్త తక్కువే. సగటు 12.2. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. నక్షత్రాలతో పోలిస్తే ఒక చుట్టు 27 రోజుల 7 గంటల 43 నిమిషాలే. ఈలోగా సూర్యుడు కూడా 27 డిగ్రీలు జరిగిపోయి ఉంటాడు, అందుకోవడానికి పట్టేదే ఆ మిగిలిన రెండు రోజుల చిల్లర.

50 నిమిషాలు అన్నది నెల మొత్తం మీద సగటు. చంద్రుడి దారి తూర్పు క్షితిజాన్ని నిటారుగా దాటే రోజుల్లో ఆలస్యం ఎక్కువ, ఏటవాలుగా వాలి ఉన్న రోజుల్లో తక్కువ. భూమధ్యరేఖ దగ్గర ఈ హెచ్చుతగ్గులు స్వల్పం. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర 20 నిమిషాల నుంచి 80 నిమిషాల దాకా ఊగుతుంది. ఇంకో చిత్రం: చంద్రోదయానికీ చంద్రోదయానికీ మధ్య సగటున 24 గంటల 50 నిమిషాలు కాబట్టి నెలకు ఒక తేదీలో చంద్రోదయమే ఉండదు. క్యాలెండర్‌లో గీత కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.


వెన్నెలబాట

కొన్ని జవాబులు పెద్దవైపోయాయి, గుర్తు పెట్టుకోవడానికి చిట్కా: కుడివైపు వెలుగుంటే పెరిగే చంద్రుడు, ఎడమవైపు ఉంటే తరిగే చంద్రుడు. అంతే.


కక్ష్య

వెన్నెలబాట గారూ, అది ఉత్తరార్ధగోళంలో, అదీ చంద్రుడు దక్షిణం వైపు ఉన్నప్పుడే. దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లు ఉత్తరం తిరిగి చూస్తారు కాబట్టి మొత్తం తలకిందులు, పెరిగే చంద్రుడికి ఎడమవైపు వెలుగు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో నెలవంక పడవలా వెల్లకిలా పడుకుని ఉంటుంది, అక్కడ కుడి ఏది, ఎడమ ఏది? కళ మాత్రం అందరికీ ఒకటే. భూమి మీద ఎక్కడ నిలబడ్డా చూపు కోణంలో తేడా ఇంచుమించు ఒక డిగ్రీ, వెలుగు శాతంలో అది కనీకనపడనంత.

ఎక్కడైనా పనిచేసే గుర్తు: పడమటి అంచు వెలుగుతుంటే పెరుగుతున్నట్టు, తూర్పు అంచు వెలుగుతుంటే తరుగుతున్నట్టు. సూర్యాస్తమయం వేళకే ఆకాశంలో ఉంటే పెరిగేవాడు, సూర్యోదయం వేళ ఇంకా దిగకుండా ఉంటే తరిగేవాడు. పెరిగే సగం చంద్రుడు దాదాపు మధ్యాహ్నం ఉదయించి నడిరాత్రి దిగుతాడు. తరిగే సగం చంద్రుడు నడిరాత్రి ఉదయించి మధ్యాహ్నం దిగుతాడు. అర్ధరాత్రి నడినెత్తిన సన్నటి నెలవంక వేసిన బొమ్మలు, కొమ్ముల మధ్య నక్షత్రం పెట్టిన బొమ్మలు రెండూ అసంభవమే. కొమ్ముల మధ్య ఉన్నది ఖాళీ కాదు, చంద్రుడి చీకటి భాగం. నక్షత్రం దాని వెనక ఉంటుంది, ముందు కాదు.


పాఠాలపెట్టె

చాలా తేలిపోయిందండీ. బల్బు దూరం మార్చి కోణం కొలవడం పాఠంలో పెట్టేస్తాను. రెండు అనుబంధ ప్రశ్నలు. పిల్లలు ఫోన్‌తోనో కెమెరాతోనో తీసిన ఫొటో నుంచి శాతం కొలవొచ్చా? ఇంకోటి, ఆ పడవ చంద్రుడు ఒక్కో నెల పడవలా, ఒక్కో నెల నిటారుగా ఎందుకు?


దుర్భిణి

కొలవొచ్చు. రెండు కొమ్ములను కలుపుతూ గీత గీయండి, అది చంద్రుడి వ్యాసం. దాని మధ్యబిందువు నుంచి లంబంగా, వెలుగు భాగం మందం ఎంతుందో కొలవండి. మందం ÷ వ్యాసం = వెలిగిన భాగం. విస్తీర్ణంలో వెలిగిన శాతమూ, ఆ గీత మీద వెలిగిన శాతమూ ఒకటే అంకె కావడం ఈ ఆకారం చేసిన మేలు. ముద్రించిన ఫొటోలో వ్యాసం 80 మి.మీ., మందం 20 వస్తే 25 శాతం, కోణం 60 డిగ్రీలు, అమావాస్య దాటి 60 ÷ 12.2 = దాదాపు 4.9 రోజులు. వేగం మారుతూ ఉండడం వల్ల ఈ వయసు లెక్కలో అర రోజు దాకా తప్పు రావచ్చు. కోణం మాత్రం నమ్మదగ్గదే.

చెడేది ఎక్కడంటే ఎక్స్‌పోజర్ దగ్గర. ఫోన్ తనంతట తాను తీస్తే చుట్టూ ఉన్న నల్లటి ఆకాశాన్ని చూసి వెలుగు పెంచేస్తుంది, చంద్రుడు తెల్లటి ముద్ద అవుతాడు, అంచు బయటికి పొంగి వ్యాసం తప్పు వస్తుంది. స్క్రీన్ మీద చంద్రుణ్ణి నొక్కి పట్టుకుని వెలుగును కిందికి లాగండి, గుంతల మచ్చలు తేలేదాకా. మరీ తగ్గించినా తప్పే: సరిహద్దు దగ్గర ఎండ ఏటవాలుగా పడుతుంది, ఆ నేల సహజంగానే మసక, నల్లగా మారి మందం తరిగిపోతుంది. రెండు మూడు వేర్వేరు ఎక్స్‌పోజర్లు తీసి సగటు చూడండి.

కెమెరా ఉంటే లెన్సు 200 మి.మీ. అయినా సెన్సర్ మీద చంద్రుడి బొమ్మ 1.8 మి.మీ. మాత్రమే (ఫోకల్ దూరాన్ని 110తో భాగిస్తే వచ్చేది). పున్నమికి ఐఎస్‌ఓ 100, ఎఫ్/11, సెకనులో నూరో వంతు. ఎండలో తీసే ఫొటోకి దగ్గర్లో ఉండే ఈ అంకెలు చూసి ఆశ్చర్యపోకండి, అక్కడ ఉన్నది ఎండే కదా. సగం చంద్రుడికి ఎఫ్/8, నెలవంకకు ఎఫ్/5.6. సగం చంద్రుడి నుంచి వచ్చే వెలుగు పున్నమిలో సగం ఉండదు, పదో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పున్నమికి ఎండ మన వెనక నుంచి పడుతుంది, ఒక్క గులకరాయి నీడ కూడా మనకు కనపడదు. అష్టమికి ప్రతి గుంతా, ప్రతి రాయీ నీడ పరుస్తుంది.

నెలవంక చీకటి భాగంలో కనిపించే బూడిదరంగు వెలుగు కావాలంటే ఐఎస్‌ఓ 800, ఎఫ్/4, ఒకటి రెండు సెకన్లు, స్టాండు తప్పనిసరి. అది భూమి నుంచి చంద్రుడి మీదకు తిరిగి పడిన ఎండ, లియొనార్డో డావిన్చీ 16వ శతాబ్దం మొదట్లోనే సరిగ్గా వివరించాడు. అక్కడి నుంచి చూస్తే మన కళ తిరగబడి ఉంటుంది, మనకు అమావాస్య అయితే అక్కడ నిండు భూమి. భూమి బిళ్ల విస్తీర్ణం చంద్రుడి కంటే 13 రెట్లు, ఎండను తిప్పికొట్టడమూ ఎక్కువే (చంద్రుడు 12 శాతం, భూమి సుమారు 30).


కోణమాని

పడవ ప్రశ్న. నెలవంక వెలుగు వైపు క్షితిజం కింద ఉన్న సూర్యుణ్ణి చూస్తుంది. సూర్యుడూ చంద్రుడూ నడిచే క్రాంతివృత్తం క్షితిజానికి నిటారుగా లేస్తే చంద్రుడు సూర్యుడికి సరిగ్గా పైన ఉంటాడు, పడవ. ఏటవాలుగా ఉంటే సూర్యుడు పక్కకు దిగి ఉంటాడు, కొమ్ములు పక్కకు తిరుగుతాయి. ఉత్తరార్ధగోళంలో సాయంత్రపు నెలవంకకు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ పడవ నెలలు, ఆగస్టు నుంచి అక్టోబరు నిటారు నెలలు. తెల్లవారుజాము నెలవంకకు దీనికి తిరగబడి. చంద్రుడి కక్ష్యకున్న 5 డిగ్రీల వాలు దీన్ని ఇంకొంచెం అటూ ఇటూ జరుపుతుంది.

అన్నట్టు, అమావాస్య దాటిన మొదటి నెలవంక కోసం వెతికిస్తే ఈ పడవ నెలల్లో వెతికించండి. 24 గంటల వయసున్న చంద్రుడు సూర్యుడికి 12 డిగ్రీలు, వెలుగు 1.1 శాతం. అదే వయసు నెలవంక పడవ నెలలో సూర్యాస్తమయానికి ఎత్తుగా ఉంటుంది, నిటారు నెలలో క్షితిజం మంచుతెరలో మునిగిపోతుంది. కోణం 7 డిగ్రీలకు తగ్గితే ఎంత వెతికినా ఫలితం ఉండదు, దీన్ని దాన్‌జోన్ పరిమితి అంటారు.


వెన్నెలబాట

కుడి ఎడమల దగ్గర తొందరపడ్డాను, సరే. మరి ఉదయించేటప్పుడు పెద్దగా కనిపించే చంద్రుడు? గాలి భూతద్దంలా పనిచేస్తుందని చాలాచోట్ల రాస్తారు.


కక్ష్య

గాలి పెద్దది చేయదు, నొక్కుతుంది. క్షితిజం దగ్గర కాంతి వంగడం సుమారు అర డిగ్రీ. కింది అంచు పై అంచు కంటే ఎక్కువ పైకి లేస్తుంది కాబట్టి బిళ్ల నిలువున ఆరో వంతు దాకా తగ్గి, గుడ్డులా అడ్డంగా కనపడుతుంది. పైగా ఉదయించేటప్పుడు చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పటికంటే భూమి వ్యాసార్ధమంత, అంటే దాదాపు 6,400 కి.మీ. దూరం. ఒకటిన్నర శాతం చిన్నగా ఉంటాడు. పెద్దగా అనిపించడం మెదడు పని. కాగితం గొట్టంలోంచి చూస్తే చుట్టూ ఉన్న ఇళ్లూ చెట్లూ తెగిపోయి మామూలు సైజుకు వచ్చేస్తాడు. కొలవాలంటే: కంటికి 57 సెం.మీ. దూరంలో పట్టుకున్న 5 మి.మీ. బిళ్ల చంద్రుణ్ణి ఇంచుమించు కప్పుతుంది, ఉదయించేటప్పుడూ, నడిరాత్రీ ఒకేలా.

నిజంగా సైజు మారేది దూరం వల్ల. దగ్గరి పున్నమి 3,56,000 కి.మీ. చేరువలో, దూరపు పున్నమి 4,06,000 చేరువలో. వ్యాసంలో 14 శాతం తేడా, కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప కంటికి పట్టదు.


దుర్భిణి

పాఠాలపెట్టె గారూ, ఒకటి మర్చిపోయాను. బల్బు, చీకటి గది ఏవీ లేకుండా చేసే పద్ధతి. శుక్ల అష్టమి నుంచి ద్వాదశి దాకా ఏదో ఒక రోజు, మబ్బు లేని సాయంత్రం మూడు, నాలుగు గంటల మధ్య, పిల్లల్ని ఎండలో నిలబెట్టి బంతిని చంద్రుడి పక్కనే వచ్చేలా ఎత్తి పట్టుకోమనండి. బంతి మీద వెలుగు ఆకారం, పైనున్న చంద్రుడి ఆకారం అచ్చు ఒకటే ఉంటాయి, వంపుతో సహా. ఇద్దరికీ బల్బు ఒకటే, అదీ 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో, కాబట్టి కక్ష్య గారు చెప్పిన 72 డిగ్రీల గొడవ కూడా ఉండదు. బంతి నీడలోకి పోకూడదు, తెల్లటి గచ్చు మీద నిలబడకూడదు (కింది నుంచి వెలుగు పడి చీకటి వైపు తెల్లబడుతుంది), గడ్డి మేలు. కృష్ణ పక్షంలో అయితే ఇదే పని పొద్దున ఏడు, తొమ్మిది గంటల మధ్య, చంద్రుడు పడమట ఉండగా.


పాఠాలపెట్టె

ద్వాదశి చంద్రుడు మూడింటికి అప్పుడే ఉదయిస్తూ ఉంటాడేమో కదా, చెట్ల వెనక?


దుర్భిణి

అవును, ద్వాదశికి చంద్రోదయమే మూడు దాటాక. చెట్లూ మేడలూ ఉన్నచోట నవమి, దశమి పెట్టుకోండి. దశమి నాడు నాలుగున్నరకు తూర్పున బాగా పైకి వచ్చి ఉంటాడు.